గడప అవతలి గూళ్ళు

టీచరమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా సున్నంలో ఉన్నాయి. బోనాల పండుగ దగ్గరపడింది. లాల్‌దర్వాజాలో మా సందు సందంతా ఇళ్ళకు సున్నం వేసుకుంటోంది. గోడ గూళ్ళలో ఉన్న చింతగింజలన్నీ తీసి మా అత్తమ్మ కొంగులో పోశాను. మొదటి గూట్లో కుంచె పెట్టబోతుంటే వాకిట్లో రిక్షా ఆగింది. సంతోష్‌నగర్‌లో ఉండే టీచరమ్మ తమ్ముడు దిగాడు. పెద్దాయన లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్క పొద్దుగాల పోయింది. నిద్రలనే పోయింది," అన్నాడు. "నాకేమన్న అయితే ముందుగాల లాల్‌దర్వాజల చెప్పుమన్నది. అందుకే సీదా మీ తానికే వచ్చిన."

అత్తమ్మ కొంగు జారవిడిచింది. గింజలు గదంతా దొర్లాయి. వాటిని ఏరడానికి మా ఇద్దరిలో ఎవరమూ వంగలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. మేం అద్దెకుండే ఇంట్లోనే పక్క వాటాలో అద్దెకుండేది. మొఘల్‌పురాలో చిన్నపిల్లల బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగిలిన రోజుల్లో ఏ ఇంట్లో చింతపండు పిసుకుతున్నారో కనుక్కుని, గింజలు పారేయొద్దని చెప్పి తెచ్చుకునేది. ఆ గింజలు కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసుకునేది. బడిలో గింజలతోనే లెక్కలు చెప్పిన అలవాటు, బడి మానేశాక కూడా పోలేదు. ఎందుకని అడిగితే, "పలక పగుల్తది, బలపం అరుగుతది. చింతగింజకు ఏమైతది?" అనేది.

మీకు మా గోడ గురించి చెప్పాలి. ఒకప్పుడు మా రెండు వాటాలూ కలిసి ఒకే పొడుగాటి గది. ఇంటివాళ్ళు దానికి అడ్డంగా గోడ కట్టి, మధ్యలో తలుపు పెట్టి రెండు చేశారు. పాతకాలపు పెద్దగోడ మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా అట్లాగే ఉండిపోయింది. ఆ గోడకు దీపాలు పెట్టుకునే గూళ్ళు వరసగా ఉన్నాయి. మూడు మా గదిలో, గడప దాటితే మూడు టీచరమ్మ గదిలో. తలుపు తీసి ఉంటే ఆరూ ఒక్క చూపులో కనిపిస్తాయి. అత్తమ్మ ఆ తలుపు దగ్గర నిలబడి టీచరమ్మతో గంటలు గంటలు మాట్లాడేది కానీ, ఎప్పుడూ గడప దాటేది కాదు. వాళ్ళు వేరే, మనం వేరే అనేది. టీచరమ్మ ఆ సంగతి ఎరగనట్టే ఉండేది.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, నల్లా దగ్గర పరాయివాళ్ళు ఎదురైతే బిందె అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసేదాన్ని. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆయనతో కూడా తలవంచుకునే మాట్లాడేదాన్ని. అట్లాంటి నాకు నెలలు నిండకముందే మొదటి కాన్పయింది. ఆడపిల్ల. కాళ్ళు అగ్గిపుల్లల్లా ఉండేవి. ఏడిస్తే పిల్లికూన గొంతులా వినిపించేది.

డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "ప్రతి శుక్రవారం దవాఖానకు తెచ్చి బరువు తూపియ్యి. వారం వారం పెరగాలె. తగ్గిందనుకో, ఇంకో శుక్రవారం దాకా ఆగకు. వెంటనే తీసుకరా. ఇంత చిన్నపిల్లకు తగ్గుడు మంచిది కాదు."

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అత్తమ్మ మండిపడింది. "చంటిపిల్లను తూసుడేంది? బియ్యమా, బెండకాయనా? దిష్టి తగుల్తది."

మా వైపు పసిపిల్లల బరువు, పొడుగు పైకి అనరు. అంటే ఆ పెరుగుదల ఆగిపోతుందని నమ్మకం. చివరికి మా ఆయన మధ్యలో పడ్డాక అత్తమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. తూపిస్తే తూపియ్యి, ఇంట్లో మాత్రం ఎంతయిందో నోరు తెరిచి అనొద్దు. కార్డు దవాఖానలోనే ఉంచుకునేవాళ్ళు. ఆయా కాటా చూసి ఒక అంకె పలికేది. ఆ అంకెను నోట్లో పెట్టుకుని, దారి పొడుగునా లోలోపల అనుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఒక శుక్రవారం "టూ పాయింట్ ఫోర్" అంది ఆయా. మరుసటి శుక్రవారం డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆయా గబగబా తూచి "టూ పాయింట్ థర్టీ ఫైవ్, ఇగ పో" అంది. పాయింట్ తర్వాత పోయిన వారం నాలుగు. ఈ వారం ముప్పై అయిదు. నాలుగెక్కడ, ముప్పై అయిదెక్కడ! బిడ్డను కొంగులో దాచుకుని ఎండ కూడా తెలియకుండా నడిచి వచ్చాను.

టీచరమ్మ తలుపు దగ్గర బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి, "ఏం పిల్లా, మొఖం గట్ల వెలుగుతున్నది?" అంది.

పైకి అనకూడదు కదా, వంగి ఆమె చెవిలో చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పోయిన వారం ఎంత?"

అదీ చెవిలోనే చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, నా చేతిలోంచి బిడ్డను తీసుకుని, తొడ మీద చర్మం మెల్లగా పట్టి వదిలింది. బిడ్డను తిరిగి ఇచ్చి, "పిల్లను పండవెట్టి రా," అంది. లోపలికి పోయి గింజల డబ్బా తెచ్చింది.

గడపకు ఆనుకుని మా గదిలో ఉన్న గూట్లో రెండు గింజలు పెట్టింది. "ఇవి రెండు కిలోలు. గడపకు మీ దిక్కు అన్నీ నిండు కిలోలే. గడప దాటి నా దిక్కు వస్తే ముక్కలు. ఒక కిలోను పది పాళ్ళు జేస్తే ఒక్కో పాలు ఎంత?"

కిరాణా దుకాణంలో వంద గ్రాముల రాయి నేను చూసిందే. "వంద గ్రాములు," అన్నాను.

"గడప దాటినంక మొదటి గూడు వాటిది. ఆ వంద గ్రాములను మల్ల పది జేస్తే?"

"పది గ్రాములు."

"రెండో గూడు వాటిది. ఏ గూట్లనన్న తొమ్మిది దాకనే ఉండాలె. పది అయినయా, అన్నీ తీసేసి ఎడమదిక్కు గూట్ల ఒక్కటి పెట్టాలె. సమజయిందా? ఇగ పోయిన వారం లెక్క నువ్వు పెట్టు."

రెండు గింజలు మా గూట్లో ఉన్నాయి. ఆమె గదిలోకి వెళ్ళి మొదటి గూట్లో నాలుగు పెట్టాను.

"ఇప్పుడు ఇయ్యాల్టిది."

నేను ముప్పై అయిదు గింజలు లెక్కపెట్టుకుని ఆ మొదటి గూట్లోనే పోయబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ముప్పై అయిదు గీడ పోస్తే నీ బిడ్డ అయిదున్నర కిలోలు తూగుతది. ఇప్పుడే గదా ఎత్తుకొచ్చినవ్. గట్లున్నదా?"

లేదు. చెయ్యి దించేశాను.

"అంకెను చూడకు. అది ఏడ కూసున్నదో చూడు. ఆయా ముప్పై అయిదు అన్నది గానీ అది ముప్పై అయిదు కాదు. ముందు మూడు కూసున్నది. దాని పక్కన అయిదు కూసున్నది. పెట్టు."

మూడు కావాలంటే నాలుగులోంచి ఒకటి తీయాలి. తీశాను. పక్క గూట్లో అయిదు పెట్టాను. అరచేతిలో ఆ తీసిన గింజ మిగిలింది.

"ఒకటి పోయినా అయిదు వచ్చినయి కదా టీచరమ్మా," అన్నాను.

"వచ్చినవి చిన్నయి. పది అయితెగానీ ఒక్కటి కావు. పోయిన ఆ ఒక్కటి వాటిల పదింటి సాటి. పది ఇచ్చి అయిదు తెచ్చుకున్నవ్." తర్వాత మెల్లగా అంది. "పిల్ల తగ్గింది బిడ్డా."

తలుపు అవతలి నుంచి అత్తమ్మ అంతా వింటోంది. "చెప్పిన్నా లేదా? తూసుడు వద్దని మొత్తుకున్న. తూస్తెనే తగ్గింది."

పెళ్ళయి వచ్చాక అత్తమ్మకు నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు. "తూస్తే తగ్గలేదు అత్తమ్మా. తగ్గింది, తూస్తే తెలిసింది. రేపు పొద్దున తీసుకపోత."

"ఎవలతోని పోతవ్? నల్లాకాడికి పోనీకే సిగ్గువడ్తవ్."

"టీచరమ్మతోని."

మర్నాడు టీచరమ్మ వచ్చింది కానీ దవాఖాన గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని బతిమాలాను. "నేను చెప్తే పక్కింటామె మాట అయితది," అంది. "నువ్వు చెప్తే తల్లి మాట. ఎవ్వలు జరుపుమన్నా జరగకు. గీడనే ఉంట, ఫికర్ జెయ్యకు."

ఆయా నన్ను చూసి, ఇవాళ తూకం లేదు, శుక్రవారం రమ్మని చెయ్యి ఊపింది. "ఆజ్ వజన్ నహీ హోతా. జుమ్మా కో ఆవ్."

వెనక్కి తిరగడానికి నా కాళ్ళు సిద్ధంగానే ఉన్నాయి. పిడికిలి తెరిచి చూసుకున్నాను. ముందురోజు తీసిన గింజ ఇంకా నా దగ్గరే ఉంది. "పోను," అన్నాను. "నాలుగున్న గూట్ల ఇప్పుడు మూడే ఉన్నయి. డాక్టరమ్మను చూడందే పోను."

అందరూ నావైపు చూశారు. తెర వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. "ఏ గూట్లనమ్మా?"

"పాయింట్ దాటినంక మొదటి గూట్ల."

డాక్టరమ్మ నవ్వుతూ బయటికి వచ్చింది. కార్డు తెప్పించుకుని చూశాక ఆ నవ్వు పోయింది. బిడ్డను లోపలికి తీసుకుపోయింది. ఏం తాగిస్తున్నావని అడిగింది. నా పాలు, మధ్యమధ్యలో అత్తమ్మ పట్టే బెల్లం నీళ్ళు అని చెప్పాను. "అంతంత కడుపును నీళ్ళతోని నింపితే పాలకు జాగ ఏడున్నది?" అని, కొన్నాళ్ళు మమ్మల్ని దవాఖానలోనే ఉంచింది.

ఇంటికి తిరిగి వచ్చాక అత్తమ్మ బెల్లం డబ్బా తీసి అటక మీద పెట్టింది. శుక్రవారం నేను దవాఖాన నుంచి రాగానే ఎదురొచ్చి, "నోటితోని అనకు. గూట్ల పెట్టు," అంది. "గూడుకు నోరు లేదు, దిష్టి లేదు."

అట్లా మా ఇంట్లో ఆ అలవాటు మొదలైంది. వారం వారం నేను మాట్లాడకుండా గింజలు పెట్టేదాన్ని. అక్షరం రాని అత్తమ్మ మా గదిలో నిలబడి, తలుపులోంచి మెడ చాచి ఆ గోడను చదువుకునేది. పెరిగిన వారం తోటకూర పప్పు చేసేది. పెద్దగా పెరగని వారం నాకు ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించేది.

టీచరమ్మ గదిలోని మూడో గూట్లో గింజలు ఎప్పుడూ పడలేదు. అది ఒక్కొక్క గ్రాముది. దవాఖాన కాటా అంత సన్నంగా చూపించదు. అందులో టీచరమ్మ తన కళ్ళద్దాలు పెట్టుకునేది. "ఆ గూడు నాది," అనేది. "గంత సన్నం చూసే కాటా వచ్చిన్నాడు ఖాళీ జేసిస్త."

ఒక శుక్రవారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అంతకుముందు వారం మా గూట్లో రెండు, గడప అవతల తొమ్మిది. ఆ రోజు అవతలి గూట్లో ఇంకో గింజ పెట్టాను. అత్తమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"పది అయినయి. తీసెయ్యాలె గదా? ఎవలు తీస్తరు?"

టీచరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. "నా మోకాళ్ళు గుంజుతున్నయి అక్కా. పది ఎవలు లెక్కవెట్టిన్రో వాళ్ళే తియ్యాలె."

నేను కదలబోతే టీచరమ్మ కళ్ళతోనే వద్దంది. అత్తమ్మ గడప దగ్గర నిలబడింది. గూడు వైపు చూసింది, మంచం వైపు చూసింది. తర్వాత కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. పది గింజలూ దోసిట్లోకి తీసుకుంది. తిరిగి మా గదిలోకి వచ్చి, మా గూట్లోని రెండింటి పక్కన ఒకటి పెట్టింది. మిగిలిన తొమ్మిదీ చేతిలో చూసుకుంది.

"గింత దూరం పోయి పది తెస్తే, ఒక్కటే జేస్తివి?"

"ఒక్కటే అక్కా. గాని నిండు కిలో."

"గట్లనా," అంది అత్తమ్మ. మంచం మీద టీచరమ్మ పక్కకు జరిగింది. అత్తమ్మ మళ్ళీ గడప దాటి వచ్చి ఆ జరిగిన చోట కూర్చుంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి చాయ్ ఆ మంచం మీదనే.

మరుసటి వారం మూడు కిలోల యాభై గ్రాములు. మా గూట్లో మూడు, గడప అవతల మొదటి గూడు ఖాళీ, రెండో గూట్లో అయిదు. నేను పెట్టి పోయాక అత్తమ్మకు ఆ మధ్య ఖాళీ నచ్చలేదు. పసిపిల్ల లెక్కలో ఖాళీ గూడు మంచిది కాదని ఆ అయిదూ తీసి మొదటి గూట్లోకి జరిపేసింది.

టీచరమ్మ చూసి నవ్వింది. "అక్కా, ఒక్క చేత్తోని పిల్లను మూడున్నర కిలోలు జేస్తివి గదా. డాక్టరమ్మ గూడ గట్ల జెయ్యలేదు." తర్వాత గింజలు వెనక్కి పెడుతూ చెప్పింది. "ఖాళీ గూడు గూడ గూడే. అది ఖాళీగ కూసుంటెనే పక్కన ఉన్నది తన జాగల ఉంటది."

అత్తమ్మది పాతకాలపు తూకం, సేర్లు, ఛటాకుల లెక్క. ఆమెకు ఇంకో అనుమానం ఉండేది. "అర కిలో అంటే అయిదట. పావు కిలో అంటే రెండు, అయిదు, ఇరవయ్యయిదట. పావు అరకన్న పెద్దదెట్లయింది? నీ చదువు సల్లగుండ, గీ లెక్కతోని దుకాణం పెడితే దివాలా తీస్తవ్." టీచరమ్మ విసుక్కోకుండా ఎన్నిసార్లయినా గింజలతోనే చూపించేది. మొదటి గూట్లో అయిదు ఒకపక్క, రెండు ఒకపక్క. ఆ తర్వాతి గూడు సంగతి తర్వాత. "ముందుగాల గడపకు దగ్గరున్నోళ్ళను చూడాలె," అనేది. ఒకరోజు అత్తమ్మ నల్లా దగ్గర ఇంకొకామెకు అదే మాట చెబుతుంటే విన్నాను.

బిడ్డ నడక నేర్చాక కూడా టీచరమ్మ నన్ను వదల్లేదు. కూరగాయలు తరుగుతూ ఉండగా లెక్కలు అడిగేది. తప్పు చెబితే తప్పని అనేది కాదు, వేలి కణుపుతో గోడ మీద తట్టేది. మళ్ళీ చూడు అని దానర్థం. తర్వాత మా సందులో బాలవాడి తెరిచి, పిల్లల్ని తూచడానికి మనిషి కావాలంటే, నన్ను అడగకుండానే నా పేరు చెప్పి వచ్చింది. "పది అయ్యేదాక ఓపిక పట్టాలె. పది అయినంక ఆగద్దు," అంది. ఇప్పటికీ ఆ పని చేస్తున్నాను. ఏ తల్లికీ ముప్పై అయిదు అని చెప్పను. మూడు, అయిదు అని విడివిడిగా చెబుతాను. అర్థం కాకపోతే గింజలు తీస్తాను. తొందరగా కానివ్వమని వెనక వాళ్ళు లొల్లి చేసినా జరగను.

మోకాళ్ళు బొత్తిగా పనిచేయకపోవడంతో టీచరమ్మను తమ్ముడు సంతోష్‌నగర్ తీసుకెళ్ళాడు. గింజల డబ్బా మాకు వదిలిపెట్టింది. కళ్ళద్దాలు మాత్రం మూడో గూట్లోంచి తీసుకుని పెట్టుకుంది. ఆ గది కూడా మేమే అద్దెకు తీసుకున్నాం.

కబురు వచ్చిన రోజు సాయంత్రం, టీచరమ్మ సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. అత్తమ్మ ఎవరినీ అడగకుండా ముందుకు వెళ్ళి తానూ వేసింది.

మర్నాడు సున్నం పూర్తి చేశాను. నేలమీద దొర్లిన గింజలన్నీ అత్తమ్మే ఏరి, కడిగి ఎండబెట్టింది. సాయంత్రం మా పాప బడి నుంచి వచ్చింది. ఇప్పుడు గూళ్ళు దానికి సులువుగా అందుతాయి.

"గింజలు మల్ల పెట్టు," అంది అత్తమ్మ. "మొట్టమొదటి దినం ఆఖరుకు గోడమీద నిలిచిన లెక్క పెట్టు."

"ఎంత నానమ్మా?"

అత్తమ్మ ఇప్పటికీ నోటితో అనదు. మా గూడు వైపు చూపించి రెండు వేళ్ళు ఎత్తింది. గడప అవతలికి చూపించి మూడు, ఆ పక్కకు చూపించి అయిదు. పాప రెండు గింజలు పెట్టి, గడప దాటి వెళ్ళి, మూడు పెట్టింది, అయిదు పెట్టింది. వెనక్కి జరిగి గోడంతా చూసింది.

"గింతేనా నేను?"

"గంతే," అంది అత్తమ్మ.

పాప అరచేతిలో ఇంకొన్ని గింజలు మిగిలాయి. వాటితో మూడో గూడు వైపు చెయ్యి చాచింది.

"అది టీచరమ్మది," అంది అత్తమ్మ.

పాప చెయ్యి తీసేసింది. ఆ గూట్లో సున్నం ఇంకా తడిగానే ఉంది.